ఇల్లు ముందు, బాట వెనుక

(ఉప్పల్ ప్రాంతపు పఠనమందిరము నొకదానియందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము మీ యెదుట బాటలను గూర్చి మాటలాడ నిశ్చయించుకొంటిని. విషయము చిన్నదని కొందరికి తోపవచ్చును. దేశచరిత్రములను గూర్చియు, సాహిత్యమును గూర్చియు విని యలవాటుపడిన పఠనమందిరమున గుంతలను, మురుగుకాలువలను, బస్సుల రద్దీని గూర్చి ప్రసంగించుట యేమి గౌరవమని యడుగవచ్చును. నా యుత్తర మిది. స్వపరిపాలనము వీథియందు పుట్టి శాసనసభకు ఎక్కిపోవలసినది. తన గుమ్మము ముందటి బాటను ఎవరు వేయవలెనో, ఏల వేయలేదో, ఎన్నడు ముగింతురో తెలిసికొన జాలనివానికి ఓటు హక్కు ఉన్నను, దాని ఫలము సగమే దక్కుచున్నది. కావున ఈ విషయము చిన్నది కాదు. మన మెల్లరము దినమునకు రెండు మారులు దీనిపై నడచుచున్నాము గనుకనే ఇది చిన్నదిగా కనిపించుచున్నది.

ఉప్పల్ నిన్న మొన్న పుట్టిన యూరు కాదు. సర్కారు దస్తరములలో దీని పేరు ఉప్పల్ కలాన్. కలాన్ అనగా పారసీక భాషలో పెద్దది. ఓరుగల్లు బాట మీద, మూసీనదికి ఉత్తరమున, చెరువుల క్రింద వరిపండించుకొను పెద్ద గ్రామ మిది. సికిందరాబాదునుండి కాజీపేట పోవు ఇనుపదారి దీనికి ఉత్తరముగా మౌలాలి, చర్లపల్లి, ఘట్‌కేసర్ల మీదుగా పోయినది. 1932లో నిజాము రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతోను, 166 మంది యుద్యోగులతోను రోడ్డు రవాణాశాఖ నారంభించిరి. నేటి ఆర్టీసీకి ఆదిమూల మదియే. స్వాతంత్ర్యానంతరమున హబ్సిగూడ ప్రాంతమున జాతీయ పరిశోధనాలయములు వెలసినవి. ఉప్పల్, నాచారము, మల్లాపురములలో కార్ఖానాలు వెలసినవి. పనికి వచ్చిన వారు అద్దెకు దిగిరి. అద్దెకు దిగినవారు అప్పో సప్పో చేసి నూరు గజముల జాగా కొనుకొనిరి. పొలము ప్లాట్లయ్యెను, ప్లాట్లు కాలనీలయ్యెను. ఉప్పల్ కలాన్ పురపాలక సంఘ మయ్యెను. 2007 ఏప్రిలులో పండ్రెండు పురపాలక సంఘములతోను, ఎనిమిది గ్రామపంచాయితీలతోను కూడి అది మహానగరపాలక సంస్థలో లీనమయ్యెను. ఆమీద 2025 డిసెంబరులో మన పొరుగున నున్న బోడుప్పల్, పీర్జాదిగూడలతో సహా 27 పట్టణ సంస్థలను నగరమున కలిపిరి. పేరున మనము నగరవాసుల మైతిమి. బాటల విషయమున మాత్ర మింకను శివారు వారమే.

ఈ దుస్థితి యెట్లు వచ్చెనో కొంచెము నిదానించి చూడవలయును. రోగము నెరుగక మందు మింగువానికి రోగము పోదు, మందు ఖర్చు మాత్రము మిగులును.

ఒక రైతు తన అయిదెకరముల మడిని అమ్మినాడు. కొన్నవాడు దానిని ప్లాట్లుగా కోసెను. తన ప్లాట్లకు దారి చూపవలెను గనుక నడుమ ఒక వీథి వేసి, దానిని పెద్దబాటకు కలిపెను. ప్రక్క మడి మరియొకడు కొనెను. అతడును తన వీథిని పెద్దబాటకే కలిపెను. ఈ కాలనీ వీథి ఆ కాలనీ వీథిలో కలియవలెనని యెవ్వరును కోరలేదు. కలిపిన యెడల ఒక ప్లాటు నష్టము. కావున రెండింటి నడుమ గోడ లేచెను. ఇట్లు నూరు మళ్లు నూరు కాలనీలయ్యెను. నూరు వీథులును ఒక్క ఓరుగల్లు బాట మీదనే వచ్చి పడినవి. ప్రక్క కాలనీలోని బడికి పోవలసిన పిల్లవాడు రెండు నిమిషముల దూరమును పెద్దబాట మీదుగా ఇరువది నిమిషములు చుట్టి పోవుచున్నాడు. ఆ బాటమీదనే హనుమకొండ బస్సు, యాదగిరిగుట్ట బస్సు, ఇటుకల లారీ, పాలవాని మోటారుసైకిలు, కూరల బండి, రోగిని కొనిపోవు అంబులెన్సు. చెట్టునకు ఒకే వేరు ఉన్నట్లు ఊరికి ఒకే బాట ఉన్నది. రద్దీ యనగా బండ్లు ఎక్కువగుట మాత్రమే యని మనము తలచుచున్నాము. బండ్లు ఎక్కువైన మాట నిజమే. కాని వానికి మరియొక దారి లేకపోవుట అంతకంటె నిజము.

తక్కిన నగరములలో బాట వేసి ఇండ్లు కట్టినారని చెప్పను. మనకంటె ముందు మన నగరమే యీ పాఠము నేర్చినది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమంది ప్రాణములను హరించిన పిమ్మట, 1912లో నగరాభివృద్ధి సంస్థ యేర్పడెను. ఇరుకైన పేటలను తెరచి, బాటలను, మురుగుకాలువలను, ఇండ్లను కలిపి యోచించు పద్ధతి అప్పుడు మొదలయ్యెను. బాట, నీరు, ఇల్లు అను మూడింటిని ఒకేచోట కూర్చుండి ఆలోచించిన దినములు ఈ నగరమునకు ఉండెను. శివారులు పెరిగిన నాడు ఆ పద్ధతిని మాత్రము మరచితిమి. ఇంటికి అనుమతి యిచ్చు కచ్చేరి యొకటి, నీటికి మరియొకటి, పెద్దబాట కింకొకటి, విద్యుత్తునకు వేరొకటి. వారు వేసిన బాటను వీరు త్రవ్వుచున్నారు. వీరు పూడ్చినదానిని వారు మరల త్రవ్వుచున్నారు.

ఇక ప్రభుత్వములు చూపిన మందులను విచారింతము. ఏమియు చేయలేదనుట అన్యాయము.

మొదటిది మెట్రో రైలు. 2017 నవంబరులో మియాపురమునుండి నాగోలు వరకు 30 కిలోమీటర్ల దారి తెరచిరి. ఉప్పల్‌కు ఆ దినమే స్టేషను వచ్చినది. 2020 ఫిబ్రవరి నాటికి మూడు దారులును కలిసి సుమారు 69 కిలోమీటర్లు నడువ నారంభించినవి. ఎండ, వాన, రద్దీ తెలియక ఉప్పల్ నుండి అమీర్‌పేటకు పోవు భాగ్యము మన తండ్రులకు లేదు. ఇది గొప్ప ఉపకారము, కాదనువాడు కృతఘ్నుడు. కాని మెట్రో రైలు స్టేషను వరకే తెచ్చి దింపును. స్టేషను నుండి ఇంటికి గల మైలు దూరము ఎవరి బాధ్యత? అచ్చట కాలిబాట లేదు; చిన్న బస్సు అరుదు; ఆటోవాడు అడిగినంత ఇయ్యవలెను. రైలు టిక్కెట్టు కంటె ఆటో కూలి యెక్కువైనప్పుడు గుమాస్తా యేమి చేయును? అప్పు చేసి మోటారుసైకిలు కొనును. ఇట్లు రైలు వేసియు మోటారుసైకిళ్లను పెంచుకొనుచున్నాము.

రెండవది ఉప్పల్ కూడలిలోని స్కైవాక్. 2023 జూనులో దీనిని తెరచిరి. నాలుగు దిక్కుల బాటలు కలియుచోట ప్రాణములను అరచేత పట్టుకొని దాటువారికి ఇది రక్ష. మెట్లెక్కలేని వృద్ధులకు లిఫ్టులును అమర్చిరి. మంచిదే. కాని ఒక ప్రశ్న మిగిలి యున్నది. కూడలిని దాటుటకై మనుష్యుని ఆకాశమున నడిపించితిమి; కూడలికి అవతల వంద గజములు పోగానే అతడు నేలమీద ఎచ్చట నడచును? మనుష్యుడు పైకెక్కి దిగవలెను, బండి మాత్రము సుఖముగా నేలమీద పోవలెను అను ధర్మము నెవరు నిర్ణయించిరి?

మూడవది చర్లపల్లి రైల్వే స్టేషను. 2025 జనవరిలో దానిని క్రొత్త టెర్మినలుగా ప్రారంభించిరి. భవనము చూడ ముచ్చటగా నున్నది. సికిందరాబాదు భారము కొంత తగ్గును. కాని తెరచిన నాడే జనులు మొరపెట్టినది దేనిని గూర్చి? స్టేషనుకు పోవు దారులు ఇరుకని! ఇల్లు ముందు, బాట వెనుక యను మన పాత యాచారము ఇచ్చటను తప్పలేదు. ప్లాట్ల వ్యాపారి చేసిన తప్పునే ప్రభుత్వశాఖలును చేసిన యెడల ప్లాట్ల వ్యాపారిని మాత్రము తిట్టుట యెట్లు?

నాల్గవది మన ముఖ్యబాధ. ఉప్పల్ కూడలి నుండి నారపల్లి వైపునకు ఆరు కిలోమీటర్లకు పైగా సాగు పై వంతెనకు 2018లో శంకుస్థాపన జరిగెను. 2025 నాటికిని అది ముగియలేదు. ఏడేండ్లు! ఆనాడు ఒకటవ తరగతిలో చేరిన పిల్ల ఆ స్తంభముల నీడన నడచి నడచి ఉన్నత పాఠశాలకు వచ్చినది. స్తంభముల కిరువైపుల బాట చీలి, గుంతలు పడి, వానకు చెరువై, ఎండకు దుమ్మై యున్నది. ఆ దారిని పగలంతయు అంగళ్లు తెరచుకొని కూర్చుండు వారి సంగతి విచారింపుడు. గిరాకి తగ్గినది, అద్దె తగ్గలేదు. వంతెన ముగిసిన పిమ్మట ఓరుగల్లు పోవువారు సుఖముగా పైనుండి పోవుదురు, సందేహము లేదు. కాని క్రిందనున్న ఉప్పల్ వారికి, పీర్జాదిగూడ వారికి, మేడిపల్లి వారికి వచ్చు లాభ మెంత? పై వంతెన ఊరిని దాటువాని కొరకు కట్టినది. ఊరిలో బ్రతుకువాని కొరకు కట్టవలసినది క్రింద నున్నది: చదునైన బాట, కాలిబాట, దాటుటకు తగిన చోట్లు, నీరు పోవు కాలువ. పైపని ముగియగానే క్రిందిపనిని మరచుట మన యింజనీర్ల యలవాటు. ఆ మరపును రానీయకుండుట మన పని.

ఇప్పుడు కాలిబాటను గూర్చి కొంచెము చెప్పవలయును. మన దేశమున 2022వ సంవత్సరమున బాటలపై ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరని కేంద్ర రోడ్డు రవాణా శాఖ వారు ప్రకటించిరి. వారిలో నూటికి సుమారు 44 మంది ద్విచక్రవాహనముల మీది వారు; నూటికి 19 మందికి పైగా నడచిపోవువారు. అనగా చనిపోయిన ప్రతి పదుగురిలో ఆరుగురు కారు లేని వారు, బస్సులో చోటు దొరకని వారు, లేక నడుచుటకు జాగా లేని వారు. బాట యెవరి సుఖమునకై వెడల్పగుచున్నదో వారు వేరు. బాట మీద ప్రాణములు విడుచుచున్న వారు వేరు. కాలిబాట కనీసము 1.8 మీటర్ల వెడల్పు ఉండవలెనని మన దేశపు రోడ్ల మహాసభ వారే నియమము వ్రాసిరి. ఇద్దరు మనుష్యులు ఎదురెదురుగా వచ్చి ఒరసికొనక తప్పుకొనుటకు ఆ మాత్రము కావలయును. మీలో ఎవరైనను కొలబద్ద తీసికొని బయలుదేరుడు. మన పేటలో ఆ కొలతకు నిలుచు కాలిబాట ఎన్ని గజములు దొరకునో లెక్క వేయుడు. లెక్క వేయుటకు ఎక్కువ కాలము పట్టదని నా భయము.

పిమ్మట బస్సు. 2023 డిసెంబరు 9వ తేదీనుండి ఆర్టీసీ సాధారణ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము కల్పించిరి. ఇండ్లలో పనిచేయువారు, దుకాణములలో నిలుచువారు, కళాశాలకు పోవు బాలికలు పైకము లెక్కింపక గడప దాటగలిగిరి. నెలకు మిగులు ఆ డబ్బు పేదయింటి కెంత యాసరయో వారి నడిగి తెలిసికొనవలయును. అయితే ఎక్కువారు పెరిగినంత బస్సులు పెరగవలదా? ఒక బస్సు రెండు మూడు కార్ల జాగా ఆక్రమించి యేబది మందిని మోయును. రెండు మూడు కార్లలో పోవువారు తరచుగా ముగ్గురో నలుగురో. బాట మీది జాగా ప్రజల యాస్తి. ఆ యాస్తిని ఎవరికెంత పంచుచున్నామని యడిగిన యెడల సమాధానము సిగ్గుచేటు. ఉప్పల్ మెట్రో నుండి రామంతపురము, నాచారము, బోడుప్పల్, చర్లపల్లి స్టేషను వైపులకు పది పది నిమిషములకు ఒక చిన్న బస్సు తిరిగినచో, పై వంతెన తీర్పజాలని కష్టము తీరును. దీనికి స్తంభములు పాతనక్కరలేదు, ఏడేండ్లు కాచుకొననక్కరలేదు.

నీటిమాట చెప్పక బాటమాట ముగియదు. మన చెరువులు వేర్వేరు గుంటలు కావు. ఒకదాని అలుగు మరియొకదానికి ప్రాణముగా గొలుసు కట్టిన చెరువులు. ఆ గొలుసులను తెంచి, కాలువల మీద ఇండ్లు కట్టి, బాటలు పోసితిమి. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో ఇదే బాటమీద నున్న ఘట్‌కేసర్ ప్రాంతమున 32 సెంటీమీటర్ల వాన కురిసినది. నీరు తన పాత దారిని వెదకికొనుచు మన ఇండ్లలోనికి వచ్చెను. బాటను ప్రతి యేటను ఒక పొర పైకెత్తి వేయుచున్నందున, బాట కట్ట యైనది, ఇల్లు చెరువైనది. పాత పొరను తీసి క్రొత్త పొర వేయవలయునను చిన్న నియమమును పాటించినచో ఎన్నియో ఇండ్లలో నీరు నిలువకుండును. కాలువ త్రవ్వక వేసిన బాట ఒక వానకాలపు బాట మాత్రమే.

ఇచ్చట మీలో కొందరు ప్రశ్నింతురు: "బాటలను కలుపుమందురు, వెడల్పు చేయుమందురు. మా ఇండ్లు కూల్చుదురా? జీవితమంతయు కూడబెట్టి కట్టుకొన్న గోడ యిది." ఈ ప్రశ్న న్యాయమైనది. దీనికి తేలికగా సమాధానము చెప్పువానిని నమ్మకుడు. నా యభిప్రాయ మిది. ప్రతి బాటను వెడల్పు చేయనక్కరలేదు. కాలనీకిని కాలనీకిని నడుమ లేచిన గోడలలో కొన్నింటిని తెరచి, నడచువారికిని, సైకిళ్లకును దారి యిచ్చినచో పెద్దబాట మీది భారము కొంత తగ్గును. దానికి ఇల్లు కూల్చ నక్కరలేదు, మనస్సు విప్పవలయును. నిజముగా జాగా తీసికొనవలసిన చోట ముందు పరిహార మిచ్చి పిమ్మట గునపము పట్టవలయును. ఉప్పల్ భగాయతులో రైతులు భూములిచ్చిరి; ఆ నేలమీద ప్లాట్లు వేసి 2019లో వేలము పాడిరి. నేల విలువ పెరుగుట బాట వలననే, రైలు వలననే. ఆ పెరిగిన విలువలో కొంత భాగము ఈ ప్రాంతపు బాటలకే తిరిగి రావలెనని కోరుట భిక్ష కాదు. బండ్ల మీద కూరగాయలు, పండ్లు అమ్మువారిని తరిమి కాలిబాట తెరచుటయు న్యాయము కాదు. వారికి చోటు నిర్ణయింపవలెనని 2014లో చట్టమే వచ్చినది. వారి బండికి జాగా గీసి, నడచువారికి జాగా గీచుట చేతకాని పని కాదు.

ఇంతవరకు ప్రభుత్వమువారి లోపములు చెప్పితిని. ఇప్పుడు మన లోపములు చెప్పకున్న నా ప్రసంగము ఏకపక్షమగును. కాలిబాటను మ్రింగిన వారిలో మొదటివాడు గుత్తేదారు కాదు. తన కారు ఎక్కుటకై గుమ్మము ముందు బాట మీదికి సిమెంటు వాలు పోసికొన్న గృహస్థు. తన ఇంటి వాననీటిని వీథిలోనికి మళ్లించినవాడును, కాలువలో చెత్త త్రోసినవాడును, ప్రక్క కాలనీ వారు మన వీథిన నడువరాదని గేటు పెట్టి తాళము వేసినవాడును మనలోనివాడే. గేటు లోపల రాజులము, గేటు వెలుపల దిక్కులేనివారము. ఇది పౌరత్వము కాదు.

కావున ఏమి చేయవలయును? రాజ్యాంగపు 74వ సవరణము 1993 జూనునుండి అమలులోనికి వచ్చినది. నగర యోజన, బాటలు, వంతెనలు పట్టణ స్థానిక సంస్థల కప్పగింపదగిన విధులని అది చెప్పినది. మూడు లక్షలు గాని అంతకు మించి గాని జనసంఖ్యగల పట్టణములలో వార్డు సంఘములు ఉండవలెనని నిర్ణయించినది. చట్టము కాగితము మీద నిదురించుచున్నది, లేపవలసినవారము మనము. మూడు పనులు మీ ముందుంచుచున్నాను. మొదటిది: ఆదివారమున పదుగురు చొప్పున చేరి, మీ పేట బాటలను నడచి చూడుడు. కాలిబాట ఎచ్చట లేదో, కాలువ ఎచ్చట మూసికొనిపోయినదో, ఏ గోడ తెరచిన ఏ దారి కలియునో పటము గీయుడు. ఆ పటమును ఈ పఠనమందిరపు గోడకు అంటింపుడు. ఒక ప్రతిని కచ్చేరికి పంపుడు. రెండవది: ప్రతి పనియొద్దను ఆరంభించిన తేదీ, ముగింపవలసిన తేదీ, వ్యయము వ్రాసిన పలకను నిలుపుమని కోరుడు. తేదీ వ్రాయని పనికి గడువు లేదు. గడువు లేని పనికి బాధ్యుడు లేడు. మూడవది: ఓటు అడుగ వచ్చినవానిని పెద్ద వంతెనలను గూర్చి యడుగకుడు, అవి వాడు తానే చెప్పును. కాలిబాట ఎన్ని గజములు వేయింతువు, మెట్రో నుండి మా వీథికి చిన్న బస్సు ఎన్నడు తెత్తువు అని యడుగుడు. వాని యుత్తరమును పుస్తకమున వ్రాసికొని, అయిదేండ్ల పిమ్మట చదివి వినిపింపుడు.

మహాశయులారా! మన పెద్దలు నూయి త్రవ్వించిన వానిని, సాలు మ్రాకులు నాటించిన వానిని పుణ్యాత్ముడని పిలిచిరి. ఆ పుణ్యము నీటిలోనో చెట్టులోనో లేదు. తానెన్నడు చూడని బాటసారిని తలచుటయందున్నది. మన వీథిన నడచు ముసలమ్మను, బడిపిల్లను, రాత్రి పని ముగించి కడపటి బస్సు దిగి చీకటిలో నడచివచ్చు నర్సును తలచుకొని బాట గీచిన నాడు ఉప్పల్ నిజముగా కలాన్ అగును. అంతవరకు అది పెద్దయూరు గాదు, పెద్ద రద్దీ మాత్రమే.